శ్రీలంక, బంగ్లాదేశ్: అలజడి ఎక్కడ ఎక్కువ, ఎప్పుడు ఎక్కువ?

మెయిన్స్ మేఘన
అందరికీ నమస్కారం. ఎస్సే పేపరుకి ప్రాక్టీస్ చేస్తున్నాను. 2022 శ్రీలంకనీ 2024 బంగ్లాదేశ్‌నీ పక్కపక్కన పెట్టి రాయమని మా స్టడీ గ్రూపులో టాపిక్ ఇచ్చారు. ఏ వ్యాసం తెరిచినా ఒకటే వరస. రెండు చోట్లా యువతే, రెండు చోట్లా కుటుంబ పాలనే, రెండు చోట్లా అధినేత దేశం వదిలి పారిపోవడమే. ఆ తర్వాత జనం పెద్ద భవనంలో దూరి మంచాలెక్కిన ఫోటో. అక్కడితో సరి. నాకు కావాల్సింది అది కాదు. మొదటి నుంచీ లెక్కేస్తే ఈ రెండింటిలో దేనిలో అశాంతి ఎక్కువ? ఒకదానిలో తగ్గుతూ ఇంకోదానిలో పెరుగుతూ వచ్చిందా? అసలు దీన్ని కొలవొచ్చా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

నిజం నిష్ఠూరం
కొలవడానికేముంది, బంగ్లాదేశే. అక్కడ హర్తాళ్ లేని నెల ఉండేది కాదు ఒకప్పుడు. శ్రీలంక వాళ్లు పాపం పెట్రోలు దొరక్క ఒక్కసారి రోడ్డెక్కారు, అంతే.

పాత న్యూస్‌డెస్క్
ఒక్కసారా! నిష్ఠూరం గారూ, కాస్త ఆగండి.

1953 ఆగస్టు 12. రేషన్ బియ్యం కొలత ధర 25 సెంట్ల నుంచి 70 సెంట్లకు పెంచారని సిలోన్ మొత్తం హర్తాళ్ చేసింది. కొలంబోలో పరిస్థితి ఎంతవరకు వెళ్లిందంటే, మంత్రివర్గం ఊళ్లో కూర్చోలేక హార్బర్‌లో ఆగి ఉన్న బ్రిటిష్ యుద్ధనౌక న్యూఫౌండ్‌ల్యాండ్ ఎక్కి సమావేశం పెట్టుకుంది. అక్టోబరుకల్లా ప్రధాని డడ్లీ సేననాయకే దిగిపోయాడు. బియ్యం ధర పెంచిన ఆర్థిక మంత్రి ఎవరో తెలుసా? జె.ఆర్. జయవర్ధనే. ఈయన పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు.

1956లో సింహళం ఒక్కటే అధికార భాష అన్న చట్టం. 1958లో తమిళుల మీద అల్లర్లు. 1959లో ప్రధాని బండారనాయకేని ఒక బౌద్ధ భిక్షువు కాల్చాడు. 1971 ఏప్రిల్‌లో రోహణ విజేవీర నాయకత్వంలోని జేవీపీ అనే మార్క్సిస్టు పార్టీ కుర్రాళ్లు దేశమంతటా ఒకేసారి పోలీస్ స్టేషన్ల మీద పడ్డారు. 1983 జులైలో మళ్లీ తమిళుల మీద అల్లర్లు. 1987 నుంచి 1989 వరకు జేవీపీ రెండో తిరుగుబాటు. 2009 మే దాకా తమిళ పులులతో ఈలం యుద్ధం. ఇవన్నీ పక్కనపెట్టి 2022 ఒక్కటే లెక్కేస్తే శ్రీలంక శాంత స్వభావం గల దేశంలాగే కనిపిస్తుంది మరి.

లెక్కల మాస్టారు
మేఘనా, "ఏది ఎక్కువ" అని అడిగేముందు దేన్ని లెక్కపెడుతున్నావో తేల్చుకోవాలి. గొడవ జరిగిన రోజులా, రోడ్డెక్కిన మనుషులా, పోయిన ప్రాణాలా, పడిపోయిన ప్రభుత్వాలా? కొలత మారిస్తే జవాబు తలకిందులవుతుంది.

హర్తాళ్ రోజుల్ని కొలిస్తే నిష్ఠూరం గారన్నట్టు బంగ్లాదేశ్‌దే పైచేయి. సందేహం లేదు. ప్రాణాలు కొలిస్తే వేరు. శ్రీలంకలో 1987-89 జేవీపీ తిరుగుబాటు, దాన్ని అణచడం, రెండూ కలిపి కనీసం 30 వేల మంది పోయారనేది తక్కువ అంచనా. 60 వేలు అనేవాళ్లూ ఉన్నారు. అప్పటి జనాభా సుమారు 1.7 కోట్లు. అంటే తక్కువలో తక్కువ ప్రతి పది లక్షల మందికి 1,700కి పైన. బంగ్లాదేశ్‌లో 2024 జులై 1 నుంచి ఆగస్టు 15 వరకు 1,400 మంది దాకా చనిపోయి ఉండొచ్చని ఐరాస మానవ హక్కుల కార్యాలయం చెప్పింది. 17 కోట్ల జనాభాకి అది పది లక్షలకు ఎనిమిది. శ్రీలంకలో 2022 అరగలయ (రాజపక్సల్ని దింపిన ప్రజా ఉద్యమం) మొత్తం మీద పోయిన ప్రాణాలు పదుల దగ్గరే ఆగాయి, పది లక్షలకు ఒకటి కూడా రాదు.

ఒకటి మూడేళ్ల లెక్క, ఇంకొకటి నెలన్నర లెక్క. అది మర్చిపోవద్దు. ఆ తేడా తీసేసినా దూరం ఎంతుందో చూడు.

తెనాలి తర్కం
మాస్టారూ, మీ లెక్కలో ఒక పేచీ ఉంది. శ్రీలంక వైపు తిరుగుబాటుని అశాంతి ఖాతాలో వేశారు. మరి బంగ్లాదేశ్ వైపు 1971ని ఏ ఖాతాలో వేస్తారు? అక్కడ మృతుల సంఖ్య మీదే 3 లక్షలా 30 లక్షలా అని ఇప్పటికీ కొట్లాట. కోటి మంది శరణార్థులు మన దేశానికి వచ్చారు. దాన్ని యుద్ధం అని పక్కన పెట్టేస్తే ఈలం యుద్ధాన్నీ పెట్టాలి. ఒకటి ఉంచి ఒకటి తీస్తే తక్కెడ న్యాయంగా లేనట్టే.

లెక్కల మాస్టారు
రెండు యుద్ధాలూ తీసే చెప్పాను. 1987-89 దక్షిణాన సింహళ పల్లెల్లో జరిగింది. దానికీ ఈలం యుద్ధానికీ సంబంధం ఉంది కానీ అదే ఇది కాదు. అక్కడ చంపినవాళ్లూ చచ్చినవాళ్లూ ఎక్కువగా సింహళులే.

మెయిన్స్ మేఘన
మాస్టారూ, ఇప్పుడు ఈ ఘటనల్ని రోజువారీగా లెక్కపెట్టే డేటాబేసులు ఉన్నాయి కదా. నిరసనలు, అల్లర్లు అని విడివిడిగా కోడ్ చేసి ఇస్తారు. వాటిని వాడుకోవచ్చా?

పాత న్యూస్‌డెస్క్
వాడుకో, కానీ అవి ఎలా తయారవుతాయో తెలుసుకుని వాడుకో. ఎక్కువ భాగం పేపర్లలో, ఏజెన్సీ వార్తల్లో వచ్చినదాన్ని బట్టే లెక్కేస్తారు. నేను డెస్క్‌లో పనిచేసిన మనిషిని, అందులో ఉన్న మడత నాకు తెలుసు. గొడవ బాగా ముదిరిన రోజే వార్త బయటికి రాదు. 2024 జులై 18 రాత్రి నుంచి బంగ్లాదేశ్‌లో ఇంటర్నెట్ మొత్తం ఆపేశారు. బ్రాడ్‌బ్యాండ్ అయిదు రోజులకి కొద్దికొద్దిగా వచ్చింది, మొబైల్ డేటా 28 దాకా లేదు. చాలామంది చనిపోయిన రోజులవే. ఆ రోజుల లెక్క తర్వాత ఆస్పత్రుల నుంచి, కుటుంబాల నుంచి ఏరుకోవాల్సి వచ్చింది.

శ్రీలంకలో 1989 అంతకన్నా అన్యాయం. ఒకపక్క జేవీపీ బెదిరింపులు, మరోపక్క సర్కారు వారి ముసుగు దళాలు. రోడ్డు పక్కన టైర్లేసి కాల్చిన శవాలు ఉండేవి, పేపర్లో పేర్లు ఉండేవి కావు. రిచర్డ్ డి జోయ్సా అనే పేరున్న పత్రికా రచయితని 1990 ఫిబ్రవరిలో ఇంట్లోంచి ఎత్తుకెళ్లి చంపేశారు. కొలంబోలో అంతటి మనిషికే ఆ గతి పడితే దక్షిణాది పల్లెల్లో ఏ కుర్రాడు ఎప్పుడు మాయమయ్యాడో ఎవరు రాస్తారు? తర్వాత 1994లో చంద్రిక కుమారతుంగ అధికారంలోకి వచ్చాక కమిషన్లు వేసి తల్లుల దగ్గర పిటిషన్లు తీసుకుంటే గానీ వేలల్లో పేర్లు బయటపడలేదు.

ఇంకో విషయం, మీ వ్యాసానికి పనికిరాదు గానీ చెప్పకుండా ఉండలేను. 1990 ప్రాంతంలో ఆ మాయమైనవాళ్ల తల్లుల తరఫున జెనీవాకి వెళ్లి మానవ హక్కుల గురించి అడిగిన ప్రతిపక్ష ఎంపీ ఎవరో కాదు, మహింద రాజపక్స.

నిజం నిష్ఠూరం
😂 ఆయనేనా! తర్వాత ఆయన హయాంలోనే మనుషుల్ని ఎత్తుకెళ్లే తెల్ల వ్యానులు.

కడప పద్మ
2024 గురించి ఇంటర్నెట్ మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. మా చెల్లెలి కూతురు బంగ్లాదేశ్‌లో ఎంబీబీఎస్ చదువుతోంది. ఆ పిల్లతో వాట్సాప్ ఉన్నట్టుండి ఆగిపోయింది. మామూలు ఐఎస్‌డీ కాల్ చేస్తే పది సార్లకి ఒకసారి కలిసేది, కలిస్తే "పెద్దమ్మా, హాస్టల్లోనే ఉన్నాం, బాగానే ఉన్నాం" అని కట్. మాకు ఇక్కడ ఒకటే టెన్షన్. చివరికి పిల్లలంతా కలిసి బండి మాట్లాడుకుని అఖౌరా దాటి అగర్తలా చేరారు. అక్కడి నుంచి ఫోన్ వచ్చాక అన్నం తిన్నాం. ఆ పిల్ల చెప్పింది ఒకటుంది. తన క్లాసులో అక్కడి పిల్లలు చాలామంది ఊరేగింపులకి వెళ్లారట. వాళ్లకి సర్కారు ఉద్యోగాలతో పనే లేదు, డాక్టర్లవుతారు. అయినా వెళ్లారట. కోటా గొడవే అయితే వాళ్లెందుకు వెళ్తారు అని నాకు అప్పటి నుంచీ అనుమానం.

పాత న్యూస్‌డెస్క్
పద్మ గారూ, మంచి ప్రశ్న. జవాబు తేదీల్లో ఉంది.

జూన్ 5న హైకోర్టు ప్రభుత్వ ఉద్యోగాల్లో 1971 స్వాతంత్ర్య సమరయోధుల వారసులకు 30 శాతం కోటా తిరిగి పెట్టింది. అన్నీ కలిపి 56 శాతం కోటాలు. అప్పటికి అది ఉద్యోగాల గొడవే. జులై 14న ప్రధాని షేక్ హసీనా ప్రెస్‌మీట్‌లో కోటా సమరయోధుల మనవలకి కాకపోతే రజాకార్ల మనవలకి ఇవ్వాలా అన్న అర్థంలో మాట్లాడింది. ఆ రాత్రే హాస్టళ్లు బయటికొచ్చాయి. (మన తెలంగాణ వాళ్లకి రజాకార్ అనే మాట ఎంత గుచ్చుకుంటుందో వేరే చెప్పాలా. అక్కడ ఆ మాటకి అర్థం 1971లో పాకిస్తాన్ సైన్యానికి తోడున్న ద్రోహి.) 16న రంగపూర్‌లో చేతులు చాచి నిలబడ్డ అబూ సయీద్ అనే విద్యార్థిని పోలీసులు కాల్చడం వీడియోలో దేశమంతా చూసింది. 21న సుప్రీంకోర్టు కోటాని 7 శాతానికి తగ్గించేసింది, అంటే అడిగింది చాలావరకు ఇచ్చినట్టే. గొడవ ఆగిందా? ఆగలేదు. అప్పటికే అడిగేది ఉద్యోగం కాదు, చచ్చిపోయినవాళ్లకి జవాబు. ఆగస్టు 3కల్లా ఒకటే డిమాండు మిగిలింది, ఆమె దిగిపోవాలని.

కొలంబో రిటర్న్
నేను 2022లో కటునాయకే దగ్గర ఒక గార్మెంట్స్ కంపెనీలో ఉన్నాను. అక్కడిది అసలు వేరే సంగతి. మార్చి ఆఖరికి రోజుకి పదమూడు గంటలు కరెంటు కోత. గ్యాస్ సిలిండర్ల వరస, పెట్రోలు వరస, ఆఖరికి పాలపొడి వరస. పశ్చిమ రాష్ట్రంలో కాగితం లేక స్కూలు పరీక్షలు వాయిదా వేశారు. వరసలో నిలబడి ప్రాణం పోయిన ముసలివాళ్ల వార్తలు వచ్చేవి.

మార్చి 31 రాత్రి మిరిహానలో అధ్యక్షుడు గోటబయ రాజపక్స ఇంటి ముందు గొడవ మొదలైంది. ఏప్రిల్ 9 నుంచి గాలే ఫేస్‌లో టెంట్లు. నేను శనాదివారాల్లో వెళ్లి చూసేవాణ్ణి. లైబ్రరీ టెంటు, వైద్యం టెంటు, అన్నం పంచే టెంటు. రంజాన్‌లో అక్కడే ఇఫ్తార్ పెట్టారు, బౌద్ధ భిక్షువులు కూడా పక్కనే కూర్చున్నారు. మే 18న ముల్లివాయ్కల్‌లో చచ్చిపోయిన తమిళుల కోసం గంజి పంచారు. కొలంబో నడిబొడ్డున అలాంటిది జరగడం అదే మొదలని మా ఆఫీసులో తమిళ స్టాఫ్ ఆశ్చర్యపోయారు. కానీ జాఫ్నా నుంచి వచ్చిన ఒకాయన మాత్రం గాలే ఫేస్ వైపు వెళ్లనే లేదు. "మా ఊళ్లో ఈ వరసలు, ఈ కరెంటు కోతలు ఇరవై ఏళ్లు ఉన్నాయి, అప్పుడు వీళ్లెవరూ టెంటు వెయ్యలేదు" అన్నాడు. నేనేం మాట్లాడలేకపోయాను.

అంతా అహింస అని రాయకండి మేఘన గారూ. మే 9న ప్రధాని మహింద మనుషులు బస్సుల్లో వచ్చి టెంట్లు పీకి కొట్టారు. ఆ సాయంత్రానికి దేశమంతటా అధికార పక్షం ఎంపీల ఇళ్లు తగలబడ్డాయి. నిట్టంబువలో ఒక ఎంపీని కొట్టి చంపేశారు. జులై 9న జనం అధ్యక్ష భవనంలో దూరిన ఫోటోలు అందరికీ గుర్తున్నాయి, మే 9 ఎవరికీ గుర్తులేదు.

వైదేహి
చదువుతున్నాను అందరివీ. మీరంతా జనం సర్కారు మీద చేసిన గొడవే లెక్కలోకి తీసుకుంటున్నారు. జనం జనం మీద చేసింది ఏ కాలమ్‌లో వేస్తారు?

1983 జులై. జాఫ్నాలో 13 మంది సైనికుల్ని తమిళ పులులు చంపారు. మర్నాటి నుంచి కొలంబోలో తమిళుల ఇళ్లు, దుకాణాలు తగలబెట్టారు. ఓటర్ల జాబితాలు చేత పట్టుకుని ఏ ఇల్లు ఎవరిదో చూసుకుంటూ వెళ్లారు. మృతులు ప్రభుత్వం ప్రకారం కొన్ని వందలు, తమిళుల ప్రకారం 3 వేల దాకా. అధ్యక్షుడు నాలుగు రోజుల తర్వాత టీవీలో మాట్లాడితే తమిళుల కోసం ఒక్క ఓదార్పు మాట లేదు. యుద్ధం ముగిశాక కూడా ఇది పోలేదు. గురి మారింది. 2014లో అలుత్గమ, 2018లో క్యాండీ దగ్గర దిగన, రెండూ ముస్లింల మీదే.

బంగ్లాదేశ్‌లో ఇది ఇంకా గుట్టుగా జరుగుతుంది. 1964, 1990, 1992, 2021 దుర్గాపూజ, 2024 ఆగస్టు... వీటిలో చాలావరకు పెద్ద సంఖ్యలు ఉండవు, ఏ డేటాబేసులోనూ శిఖరంలా కనపడవు. జనాభా లెక్కల్లో మాత్రం కనపడతాయి. 1951లో తూర్పు పాకిస్తాన్‌లో హిందువులు 22 శాతం, 2022లో 8 శాతం లోపు. వలసకి కారణాలు చాలా ఉంటాయి, ఒప్పుకుంటాను. కానీ భయంతో రాత్రికి రాత్రి పొలం అమ్ముకుని సరిహద్దు దాటిన కుటుంబం "అశాంతి" ఘటన కాదా?

శ్రీలంకలోనూ అదే. 1948లో చట్టం చేసి తోటల్లో పనిచేసే తమిళులకి పౌరసత్వం లేకుండా చేశారు. ఒక్క రాయి పడలేదు. 1964లో శాస్త్రి, సిరిమావో ఒప్పందంలో 5,25,000 మందిని ఇండియా తీసుకోవడానికి ఒప్పుకుంది. వాళ్లలో ఎక్కువమంది తమిళనాడుకి, కొందరు మన వైపుకీ వచ్చారు. గొడవ సూచీలో అది సున్నా.

మోడరేటర్
నిష్ఠూరం గారి తర్వాతి రెండు పోస్టులు తీసేశాం. ఏ మతం వాళ్లయినా "వాళ్లంతా అంతే" అనే మాటలు ఇక్కడ వద్దు. సీఐఏ కుట్ర గురించి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ మాట్లాడుకోండి.

తెనాలి తర్కం
ఇప్పటిదాకా వచ్చినదంతా చదివితే ఇది ఒకే తక్కెడలో తూగదని అర్థమవుతోంది. కానీ "పోల్చలేం" అంటే మేఘనకి మార్కులు పడవు. ఎవరైనా ఒక సూత్రం చెప్పండి. ఎందుకు ఒక కాలంలో ఎగిసింది, ఎందుకు చల్లారింది?

పాత న్యూస్‌డెస్క్
సూత్రం అనను కానీ నాకు కనిపించింది చెబుతాను. ఓటుతో ప్రభుత్వాన్ని దింపే దారి ఎప్పుడు మూసుకుపోయిందో రాసుకోండి. పక్కన రక్తం ఎక్కువ పారిన ఏళ్లు రాసుకోండి.

శ్రీలంకలో 1931 నుంచే వయోజన ఓటు హక్కు. 1977 దాకా దాదాపు ప్రతి ఎన్నికకీ ప్రభుత్వం మారేది. 1977లో జయవర్ధనే, అదే మన బియ్యం మంత్రి, 168లో 140 సీట్లతో వచ్చాడు. రాజ్యాంగం మార్చి తానే కార్యనిర్వాహక అధ్యక్షుడయ్యాడు. 1980 జులై సమ్మెలో వేల మంది ఉద్యోగుల్ని ఒక్క దెబ్బతో తీసేశాడు. 1982 డిసెంబరులో పార్లమెంటు ఎన్నికలు పెట్టకుండా, ఉన్న సభనే ఇంకో ఆరేళ్లు పొడిగిస్తాను, సరేనా అని రిఫరెండం పెట్టి గెలిచాడు. 1983లో అల్లర్లు కాగానే జేవీపీని నిషేధించాడు. వేర్పాటువాదానికి వ్యతిరేకంగా ప్రమాణం చెయ్యాలని ఆరో సవరణ తెచ్చాడు, దాంతో తమిళుల పార్టీ టీయూఎల్‌ఎఫ్ ఎంపీలు సభ నుంచి పోయారు. ఇటు దక్షిణాన నిరుద్యోగ సింహళ యువకుడికీ, అటు ఉత్తరాన తమిళుడికీ పార్లమెంటు తలుపు ఒకే ఏడాది మూసుకుంది. తర్వాతి పార్లమెంటు ఎన్నిక 1989లో. ఆ మధ్య కాలం శ్రీలంక చరిత్రలో అతి నెత్తుటి కాలాల్లో ఒకటి.

ఇక బంగ్లాదేశ్. 1975లో హసీనా తండ్రి ముజీబ్ బాక్షాల్ పేరుతో ఏకపార్టీ పాలన పెట్టాడు. ఆగస్టులో సైనికాధికారులు ఆయన్ని కుటుంబంతో సహా చంపారు. 1981లో అధ్యక్షుడు జియావుర్ రహమాన్ హత్య. 1982 నుంచి ఎర్షాద్ సైనిక పాలన, 1990 డిసెంబరులో వీధులే దింపాయి. 1996లో ఆపద్ధర్మ ప్రభుత్వం ఎన్నికలు జరిపే పద్ధతి వచ్చింది. దానికింద జరిగిన మూడు ఎన్నికల్లో, 1996 జూన్, 2001, 2008, మూడుసార్లూ అంతకుముందు అధికారంలో ఉన్న పార్టీ ఓడిపోయింది. 2011లో హసీనా ఆ పద్ధతి ఎత్తేసింది. 2014 ఎన్నికల్లో 300 సీట్లలో 153 ఏకగ్రీవం! 2018 కూడా ఏకపక్షంగానే ముగిసింది. 2024 జనవరి కూడా. ఏడు నెలల తర్వాత ఏం జరిగిందో చూశాం.

తెనాలి తర్కం
ఆలోచన బాగుంది కానీ రెండు చోట్ల గుచ్చుకుంటోంది సార్. ఒకటి, 1991 నుంచి 2006 దాకా బంగ్లాదేశ్‌లో ఓటు బాగానే పనిచేసింది, హర్తాళ్లు మాత్రం అప్పుడే ఎక్కువ. రెండు, 2019లో గోటబయ 52 శాతం ఓట్లతో గెలిచాడు, ఎవరి తలుపూ మూసుకోలేదు. అయినా రెండున్నరేళ్లకే అరగలయ.

పాత న్యూస్‌డెస్క్
మొదటిదానికి జవాబు: హర్తాళ్ అక్కడ ప్రతిపక్షానికి పార్లమెంటు. బీఎన్‌పీ నేత ఖాలిదా గెలిస్తే అవామీ లీగ్ నేత హసీనా సభ బహిష్కరణ, హసీనా గెలిస్తే ఖాలిదా బహిష్కరణ. 1994లో మాగురా ఉప ఎన్నికలో రిగ్గింగ్ జరిగిందని మొదలుపెట్టి రెండేళ్లపాటు అవామీ లీగ్ చేసిన హర్తాళ్ల వల్లే ఆ ఆపద్ధర్మ పద్ధతి వచ్చింది. బస్సులు కాలాయి, జనం చచ్చారు కూడా, నేను దాన్ని తేలిక చెయ్యను. కానీ మూడేళ్లలో 30 వేల మంది చచ్చిపోయే స్థాయికి వెళ్లలేదు. రోజులు ఎక్కువ, లోతు తక్కువ. దేశం దానికి అలవాటు పడిపోయింది. 2015లో బీఎన్‌పీ దిగ్బంధం, పెట్రోలు బాంబులు నడుస్తుంటే పదో తరగతి పరీక్షల్ని శుక్ర, శనివారాల్లో జరిపారు, సెలవు రోజుల్లో హర్తాళ్ పెట్టరని.

రెండోదానికి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు.

కొలంబో రిటర్న్
దానికి నేను చెబుతాను. ఓటు ఉంది కానీ అది 2024లో. బంకులో పెట్రోలు ఇవాళ లేదు. 2019 చివర్లో పన్నులు తగ్గించారు, కోవిడ్‌తో టూరిజం పోయింది, 2021లో రసాయన ఎరువులు ఒక్కసారిగా నిషేధించారు, పంట పోయింది. 2022 ఏప్రిల్ 12న అప్పులు కట్టలేమని చేతులెత్తేశారు. అధ్యక్షుణ్ణి గడువుకు ముందే దింపే సులువైన దారి వాళ్ల రాజ్యాంగంలో లేదు. అందుకని ముందుగా ఇంటికి పంపారు.

కానీ ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి, అందులోనే డెస్క్ గారి మాట నిజమవుతోంది. జులై 14న గోటబయ సింగపూర్ నుంచి ఈమెయిల్‌లో రాజీనామా పంపాడు. 20న పార్లమెంటు రణిల్ విక్రమసింఘేని అధ్యక్షుడిగా ఎన్నుకుంది. జనం ఆయన్ని కోరుకోలేదు. 22 తెల్లవారుజామున సైన్యం గాలే ఫేస్ టెంట్లు పీకేసింది. 2023 మార్చి స్థానిక ఎన్నికల్ని డబ్బుల్లేవని ఆపేశారు. మళ్లీ తగలబడాల్సిన పరిస్థితే. తగలబడలేదు. ఎందుకంటే 2024 ఎంతో దూరం లేదు. సెప్టెంబరులో అధ్యక్ష ఎన్నికలో అనుర కుమార దిసానాయకేని గెలిపించారు, నవంబరులో ఆయన కూటమికి 225లో 159 సీట్లు ఇచ్చారు.

అనుర ఏ పార్టీయో చూశారా? జేవీపీ. 1971లో, 1989లో తుపాకీ పట్టి ఓడిపోయినవాళ్లు 1994లో ఒక్క సీటుతో పార్లమెంటులో కూర్చుని, ముప్ఫై ఏళ్లు ఓట్లడిగి దేశాన్ని తీసుకున్నారు.

లెక్కల మాస్టారు
మేఘనా, దీన్ని గీతల్లో గీసుకుంటే శ్రీలంక 1950ల్లో కింద, 1971లో చిన్న శిఖరం, 1983 నుంచి 2009 వరకు చాలా ఎత్తు, తర్వాత దిగి 2022లో ఒక పొట్టి ముల్లు. బంగ్లాదేశ్ 1971 శిఖరం తర్వాత ఎప్పుడూ సున్నాకి రాదు, అంత ఎత్తుకీ వెళ్లదు, మధ్యస్థంగా కొనసాగి 2024లో ముల్లు. 2022 ముల్లు కన్నా 2024 ముల్లు చాలా ఎత్తు. నిలువు అక్షం మీద ఏం పెట్టావో రాయకుండా మాత్రం గీత గియ్యకు. పేపర్ దిద్దేవాడు ముందు అదే చూస్తాడు.

వైదేహి
నా కాలమ్ కూడా పెట్టాలి మాస్టారూ. గీతలో ఎక్కనివి.

లెక్కల మాస్టారు
పెట్టమనే చెబుతున్నానమ్మా. జనాభా శాతాలు రెండూ గీత కింద రాసుకోమను.

మెయిన్స్ మేఘన
అందరికీ చాలా థ్యాంక్స్. నేను ఇంతకుముందు ఆర్థిక సంక్షోభం, నిరుద్యోగం అని రెండు పేరాలు రాసుకుని కూర్చున్నాను. ఒక చిన్న సందేహం. బంగ్లాదేశ్ వృద్ధి రేటు చాలా ఏళ్లు ఆరు శాతం పైనే కదా, మరి కారణాల్లో ఆర్థికం అని రాయొచ్చా?

పాత న్యూస్‌డెస్క్
రాయి, కానీ శ్రీలంకకి రాసినట్టు రాయకు. శ్రీలంకలో ఆకలి, చీకటి, వరసలు. అందరికీ ఒకేసారి తగిలింది, రిటైరైన బ్యాంకు మేనేజరు కూడా రోడ్డెక్కాడు. బంగ్లాదేశ్‌లో వృద్ధి గార్మెంట్ ఫ్యాక్టరీల్లో, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బులో ఉంది. డిగ్రీ చదివినవాడికి అందులో చోటు లేదు, వాడికి కావాల్సింది బీసీఎస్ (అక్కడి సివిల్ సర్వీస్) ఉద్యోగం. మన దగ్గర గ్రూప్స్ కోసం అశోక్‌నగర్‌లో గదులు తీసుకుని ఉండేవాళ్లకి వాడి బాధ బాగా తెలుసు.

నిజం నిష్ఠూరం
అశోక్‌నగర్ మాట తీశారు కాబట్టి... మన వాళ్లు కూడా 2024లోనే రోడ్డెక్కారు కదా, గ్రూప్స్ పరీక్షలు వాయిదా వెయ్యమని.

మోడరేటర్
అది ఇంకో థ్రెడ్ నిష్ఠూరం గారూ. లింకు పైన పిన్ చేసి ఉంది.